తలుపు ముట్టుకున్నావ్, మళ్ళీ కడుక్కో!

మా తాతయ్య నలభై ఏళ్ళు జనం పొట్టలు కోశాడు. రిటైరయ్యాక కోతలు కోస్తున్నాడు. రెండింట్లోనూ చెయ్యి తిరిగినవాడే. కాకపోతే అప్పుడు ఎదుటివాళ్ళకి మత్తిచ్చి మొదలుపెట్టేవాడు, ఇప్పుడు మెలకువగా ఉన్నవాళ్ళ మీదే మొదలుపెట్టేస్తున్నాడు.

ఇంట్లో అయితే ఆయన కథలు ఎక్కువ దూరం పోవు. అమ్మమ్మ ఉంటుంది. వంటింట్లో ఉన్నా, మేడ మీద బట్టలు ఆరేస్తున్నా, తాతయ్య కథ గాడి తప్పగానే ఎక్కడినుంచో ఒక్క మాట వచ్చి పడుతుంది. "అది చేసింది మీరు కాదు, మీ పెద్ద డాక్టరు" అనో, "ఆ రోజు మీరు సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నారు" అనో. అంతే, కథ చతికిలబడుతుంది. తాతయ్య "సరేలే, సుమారుగా అలాంటిదే" అని కళ్ళజోడు తుడుచుకుంటాడు.

ఆ రోజు మాత్రం ఆ మాట అనాల్సిన మనిషి మా ఎదురుగా ఉన్న రెండు పెద్ద తలుపుల వెనక, ఆపరేషన్ బల్ల మీద ఉంది.

పొద్దున్నే కడుపు డప్పులా ఉబ్బిపోయి అమ్మమ్మ గిలగిల్లాడిపోయింది. తాతయ్య పొట్ట మీద చెయ్యి వేశాడు, మరుక్షణం ఫోన్ అందుకున్నాడు. పేగు మెలికపడింది. ఆలస్యమైతే లోపల పేగు చచ్చుబడిపోతుంది, ఆ తర్వాత సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేసేది తాతయ్య శిష్యురాలే. ఇప్పుడు ఆవిడే అక్కడ పెద్ద సర్జను. తాతయ్య కూడా ఆవిడతోపాటు లోపలికి పోయి, ఎవరూ అడక్కుండానే కుళాయి దగ్గర నిలబడి మోచేతుల దాకా చేతులు కడిగేసుకున్నాడు. ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"సార్, సొంతవాళ్ళ మీద కత్తి పట్టకూడదు, పట్టినవాళ్ళ పక్కన నిలబడనూ కూడదు. ఈ మాట నాకు నేర్పిందెవరు?"

"నేనే. బుద్ధి లేక నేర్పాను."

"బయట కూర్చోండి సార్."

అలా కడిగిన చేతులతోనే బయటికొచ్చాడు. ఆ చేతులకి థియేటర్లో ఒక చట్టం ఉంది. ఒకసారి కడిగాక వాటిని నడుం కిందికి దించకూడదు, తలుపుగానీ బల్లగానీ సొంత ముక్కుగానీ ముట్టుకోకూడదు. పొరపాటున ముట్టుకుంటే మళ్ళీ మొదట్నుంచి కడగాలి. బయటికి పంపేశారు కదా తాతయ్యా, ఇంక దించెయ్ అంటే విన్లేదు. హాల్లో మూలనున్న టీ కొట్టు పక్క బెంచీ మీద కూర్చుని రెండు చేతులూ ఛాతీ దగ్గర పైకి పట్టుకున్నాడు. చూసేవాళ్ళకి ఎవరో తుపాకీ గురిపెట్టినట్టుంది.

టీ కొట్టు బాబాయి గ్లాసు తెచ్చి అందించబోతే "పెట్టు నాయనా అక్కడ, ముట్టుకోకూడదు" అన్నాడు. గ్లాసు బెంచీ మీద కూర్చుంది. తాతయ్య చూపు తలుపుల మీదే ఉంది.

బెంచీ అవతలి చివర ఒక లారీ డ్రైవరు. లోపల అతని తమ్ముడికి కాలి ఎముక సరిచేస్తున్నారు. ఎదుటి కుర్చీలో ఒక టైలరమ్మ, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చేసినట్టుంది. ఆవిడ భర్తకి హెర్నియా.

"ఏం పెద్దాయనా, చేతులకేమైంది?" అన్నాడు డ్రైవరు.

తాతయ్య పలకలేదు. అది చూసి నాకు భయం వేసింది. కథ చెప్పడానికి ఇంత మంచి అవకాశం వచ్చినా నోరు మెదపలేదంటే తాతయ్య లోపల ఏదో ఆగిపోతోందన్నమాట. మామూలుగా అయితే నేను అమ్మమ్మ పార్టీ, ఆయన కథలకి సూదులు గుచ్చే పని నాది. ఆ రోజు పార్టీ మార్చేశాను.

"మా తాతయ్య పెద్ద సర్జనండీ. చీకట్లో ఆపరేషన్ చేశాడు ఒకసారి. చెప్పు తాతయ్యా."

"అదేం పెద్ద విషయం కాదులే అమ్మా" అన్నాడు తాతయ్య. ఆయన కథలన్నీ ఇలాగే, తల వంచుకుని వినయంగా మొదలవుతాయి.

"అప్పటికి నాకు మీసం కూడా సరిగ్గా రాలేదు నాయనా. కొత్త ఉద్యోగం, చిన్న ఆసుపత్రి, పైన రేకులు, వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడక సైగలు చేసుకునేవాళ్ళం. ఓ సాయంత్రం పోస్టుమాన్ ఒకడు అపెండిక్స్ నొప్పితో వచ్చి పడ్డాడు. పొట్ట తెరిచానో లేదో, కరెంటు పోయింది. జనరేటరు ఉందనుకో, కానీ దాని మీద ఓ కోడి గుడ్లు పొదుగుతోంది, దాన్ని లేపే ధైర్యం హెడ్ నర్సుకి కూడా లేదు. నేనేం చేశాను? కళ్ళు మూసుకున్నా. చీకట్లో కళ్ళు తెరుచుకుని మాత్రం చేసేదేముంది? వేళ్ళతోనే వెతికి, వేళ్ళతోనే పట్టుకుని, కోసి, కుట్టేసి, చేతులు కడుక్కుని బయటికొచ్చేశా."

అలవాటుగా ఆగాడు. ఇది అమ్మమ్మ మాట పడాల్సిన చోటు. 'కరెంటు పోలేదు, మినుకుమినుకుమంది' అని. తాతయ్య తలుపుల వైపు చూశాడు. ఏ మాటా రాలేదు.

"అవునండీ, మా క్లీనరు కూడా చీకట్లోనే నట్లన్నీ విప్పేస్తాడు" అన్నాడు డ్రైవరు మెచ్చుకోలుగా.

క్లీనరుతో పోల్చేసరికి తాతయ్యకి చురుక్కుమంది.

"విప్పుతాడు సరే, వరదలో విప్పుతాడా? అసలు సంగతి నేనింకా చెప్పందే! ఆ వాన ఆగిందనుకున్నావా? నేను ఇంకా ఆఖరి కుట్లు వెయ్యాలి, నీళ్ళు గుమ్మం దాటి లోపలికొచ్చేశాయి. మోకాళ్ళ దాకా, నడుం దాకా, నేను చేతులు మాత్రం పైకే పట్టుకున్నా, కడిగిన చేతులు కదా. ఇంతలో బల్ల లేచింది. ఆపరేషన్ బల్లకి చక్రాలుంటాయి, బ్రేకులుంటాయి, లంగరు ఉండదుగా! రోగితో సహా తేలుకుంటూ తలుపులోంచి బయటికి పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?" టైలరమ్మ కుర్చీ కాస్త ముందుకి లాక్కుంది.

"సూది పళ్ళ మధ్య కరుచుకుని ఈదాను. పంటితో సూది, కాళ్ళతో ఈత, చేతులు నీళ్ళ పైన. వరండా దాటాం, వీధి దాటాం, బజారు మధ్యలోంచి పోతూ పోతూ కుట్టు మీద కుట్టు వేసుకుంటూ పోయా. ఆఖరి ముడి బస్సు స్టాపు దగ్గర పడింది. అక్కడ బస్సు కూడా తేలుతోంది. ఇద్దరం ఎక్కేశాం. కండక్టరు ఊరుకుంటాడా, టికెట్టన్నాడు."

"కొట్టించుకున్నారా?"

"నాకు ఫుల్ టికెట్టు కొట్టు, ఇతనికి మాత్రం కాస్త తగ్గించు నాయనా, ఇప్పుడే ఇతనిలోంచి ఒక ముక్క తీసేశానన్నాను."

డ్రైవరు తొడ మీద చరుచుకుని నవ్వాడు. టీ కొట్టు బాబాయి పాలు పొంగడం కూడా చూసుకోలేదు. తాతయ్య మాత్రం నవ్వకుండా మళ్ళీ తలుపుల వైపు చూశాడు. అమ్మమ్మ ఉంటే ఈ కథలో బల్ల నేల మీంచి లేచేదే కాదు.

"కుట్లు నీళ్ళలో వేస్తే నిలుస్తాయా అండీ?" అని అడిగింది టైలరమ్మ. అనుమానంతో కాదు, పని తెలిసిన మనిషికి పని మీద ఉండే ఆసక్తి.

"నిలవడమేమిటమ్మా, కనపడితేగా! నా కుట్టు ఎంత సన్నమంటే ఒక గుమాస్తాకి పొట్ట ఆపరేషన్ చేశాను, పాపం ఉద్యోగమే పోబోయింది. సెలవు కావాలని ఆఫీసుకెళ్ళి చొక్కా ఎత్తి చూపించాడు. ఏది గాయం? గీత కూడా లేదు. అబద్ధాలాడుతున్నావని పై అధికారి అరిచాడు. చుట్టాలు చూడ్డానికొచ్చి, చూడ్డానికేమీ లేక, తెచ్చిన పళ్ళు వెనక్కి పట్టుకెళ్ళిపోయారు. నా దగ్గరికొచ్చి ఏడ్చాడు, డాక్టరు గారూ కనీసం ఒక మచ్చ అయినా ఇప్పించండి అని. చివరికి పెన్ను తీసుకుని నేనే ఒక గీత గీసి, అడ్డంగా కుట్లు బొమ్మ వేసి పంపించా."

"నేనూ అంతే వేస్తానండీ కుట్టు. మొన్న ఒకావిడ జాకెట్టు వేసుకుని, అసలు కుట్టావా లేదా అని దెబ్బలాడింది" అని టైలరమ్మ కూడా ఒకటి వదిలింది. కోతలు అంటురోగం.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మాస్కు వేసుకున్న నర్సు గబగబా బయటికొచ్చి పక్క గదిలోకి పోయి, గుడ్డ కప్పిన ట్రేతో అంతే గబగబా తిరిగొచ్చింది. గుడ్డ కింద రక్తం సంచీ అంచు కనిపించింది. తాతయ్య సగం లేచాడు. ఏదో అడగబోయాడు. తలుపు మూసుకుంది.

ఆ సంచీ ఎందుకో డ్రైవరుకి తెలీదు, టైలరమ్మకి తెలీదు. నలభై ఏళ్ళు ఆ తలుపులకి అవతల ఉన్న మనిషికి తెలుసు. ఇవతల ఎలా కూర్చోవాలో మాత్రం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

"తాతయ్యా," అన్నాను, "పిండిమర ఆయన ఊపిరితిత్తుల సంగతి చెప్పవూ."

అలాంటి కథేమీ లేదు. అప్పటికప్పుడు నేనే పుట్టించాను. తాతయ్య నావైపు ఒక్క క్షణం వింతగా చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఇందాకటి కంటే రెండింతలు గట్టిగా అందుకున్నాడు.

"పిండిమర ఆయనా? అబ్బో, అది మామూలు కేసు కాదు! చిన్నప్పట్నుంచీ మర దగ్గరే, ఊపిరితిత్తుల నిండా పిండి. ఆయన తుమ్మితే ఎదురింటివాళ్ళు తెల్లబడేవాళ్ళు. మందులన్నీ అయ్యాయి, లాభం లేదు. నేను రెండు తిత్తులూ బయటికి తీసేశా. దులిపాను, ఉతికాను, పిండాను, మేడ మీద తీగకి ఆరేశాను. ఎగిరిపోకుండా హెడ్ నర్సు క్లిప్పులు పెట్టింది."

"అంతసేపూ ఆయన?" డ్రైవరు నోరు తెరిచాడు.

"ఊపిరి బిగబట్టుకోమన్నా."

"ఊపిరితిత్తులే బయట ఉంటే ఇంక బిగబట్టేదేంటండీ?"

"అందుకే తేలికయింది నాయనా. లోపల ఉంటేనే కష్టం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి వీచింది. చల్లటి గాలి. తీగ మీద ఆ రెండూ వాటంతట అవే ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టాయి. ఒకసారి ఉబ్బుతాయి, ఒకసారి తగ్గుతాయి. పక్కనే ఆరేసిన దుప్పట్లు కూడా వాటిని చూసి పీల్చడం నేర్చుకున్నాయి. వాటిని తెచ్చి లోపల పెట్టేశాక ఆయన ఎంత హాయిగా ఊపిరి తీశాడంటే, వార్డులో కిటికీలన్నీ వాటంతట అవే తెరుచుకున్నాయి."

ఇంక నాకే ఉండబట్టలేదు. నాలిక చివరిదాకా వచ్చింది, 'దుప్పట్లకి ఏ రోగం తాతయ్యా?' అని. కానీ గుచ్చితే ఈ బుడగ పేలి, లోపల ఉన్నదంతా బయటపడుతుంది. మింగేశాను. టీ మీద మీగడ కట్టింది. చేతులు ఇంకా పైనే ఉన్నాయి, వేళ్ళ చివర్లు సన్నగా వణుకుతున్నాయి. చూడనట్టు ఊరుకున్నాను.

"అన్నిటికంటే కష్టమైన కేసు ఏదండీ?" అంది టైలరమ్మ.

తాతయ్య మొదటిసారి గొంతు తగ్గించాడు.

"పేగు కేసు. ఎవరనేది అడక్కండి. బల్ల మీద పడుకుని ఉంది."

ఇప్పటిదాకా ఆయన కథల్లో రోగులందరూ మగవాళ్ళే.

"పొట్ట తెరిచాను. తలెత్తి చూస్తే గుమ్మంలో ఒకాయన నిలబడి ఉన్నాడు. పేరు చెప్పను, ఆసుపత్రుల్లో ఆయన పేరెత్తం. కబురు చెయ్యకుండా ఎవరింటికైనా వచ్చేసే చుట్టం, ఆయనే. ఏమయ్యా, చెప్పులేసుకుని థియేటర్లోకేంటి అన్నా. తీసుకెళ్ళడానికి వచ్చానన్నాడు. తీసుకెళ్దువుగానిలే, ముందు చెప్పులు విప్పి చేతులు కడుక్కో అన్నా. నేనెవర్నో తెలుసా అన్నాడు. ఎవరైతే నాకేంటి, ఇది నా థియేటరు, ఇక్కడ పేషెంటుని ముట్టుకోవాలంటే ఎంతటివాడైనా మోచేతుల దాకా కడుక్కోవాల్సిందే, అది చట్టం అన్నా."

"కడుక్కున్నాడా?"

"పాపం పెద్దమనిషి, కడుక్కున్నాడు. చక్కగా కడుక్కుని, చేత్తో తలుపు తోసుకుని వచ్చాడు. తలుపు ముట్టుకున్నావ్, మళ్ళీ కడుక్కో అన్నా! వెళ్ళాడు. ఈసారి బుద్ధిగా వీపుతో తలుపు తోశాడు, లోపలికొచ్చి ముక్కు గోక్కున్నాడు. మళ్ళీ కడుక్కో! ఈసారి ముక్కు జోలికి పోలేదు, కుళాయిని మోచేత్తో కట్టకుండా వేళ్ళతో కట్టాడు. నాకు చప్పుడు తెలిసిపోయింది. మళ్ళీ కడుక్కో! తర్వాత నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఆయన అటు తిరిగినప్పుడల్లా నేనిక్కడ ఒక కుట్టు, ఒక కుట్టు, ఒక కుట్టు..."

టీ కొట్టు దగ్గర స్టవ్ కూడా మెల్లగా మండుతున్నట్టుంది. ఎవరూ నవ్వట్లేదు.

"చివరికేమయిందండీ?" అన్నాడు డ్రైవరు.

"ఏమవుతుంది, ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ తలుపుల వెనక ఎడమవైపు కుళాయి. ఇందాక నేను కడుక్కుంటుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు. సబ్బు అడిగాడు." తాతయ్య తలుపులకి వీపు తిప్పి మావైపు కూర్చున్నాడు. "ఇవ్వలేదు."

"మీకు భయం వెయ్యలేదా అండీ?"

"భయమా? నాకా? నాయనా, రక్తం అంటే నాకు రంగునీళ్ళతో సమానం. ఇన్నేళ్ళలో ఎవరి ఒంటి మీదైనా సరే, ఈ చేతులు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వణికాయేమో..."

"ముల్లు."

గొంతు చాలా సన్నగా ఉంది. ఎండిపోయి, మత్తులో కాస్త ముద్దగా. అందరం తలలు తిప్పాం. తలుపులు తెరుచుకుని ఉన్నాయి. స్ట్రెచరు మీద దుప్పటి కింద అమ్మమ్మ, కళ్ళు సగం మూసుకునే ఉంది. పక్కన శిష్యురాలు మాస్కు గడ్డం కిందికి లాక్కుంటోంది.

"ముల్లు సంగతి... చెప్పారా వాళ్ళకి?" అంది అమ్మమ్మ.

తాతయ్య వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ గొంతు ఎక్కడ మాయమైపోతుందో అన్నట్టు అలాగే కూర్చుని, "ఏ ముల్లు?" అన్నాడు.

"నా కాల్లో గుచ్చుకున్న ముల్లు. తియ్యమంటే... సూది పట్టుకుని కూర్చున్నారు. చుక్క రక్తం కనపడగానే... దభీమని పడిపోయారు. ముల్లు నేనే తీసుకున్నా. మీకు సోడా కూడా... నేనే తాగించా."

హాలంతా ఒక్క పెట్టున నవ్వింది. డ్రైవరు బెంచీ మీంచి జారి కింద కూర్చున్నాడు. "వరదలో ఈదుకుంటూ కుట్లేసిన మనిషి ముల్లుకి పడిపోయారా!"

"ఆ కాలు ఎవరిదో కూడా చూడాలి కదయ్యా" అంది టైలరమ్మ, కొలతల టేపుతో కళ్ళొత్తుకుంటూ.

"పేగు బాగానే ఉంది సార్" అంది శిష్యురాలు. "టైముకి తీసుకొచ్చారు. ముక్క కోసెయ్యాల్సిన అవసరమే రాలేదు, మెలిక విప్పి సర్దేశాను. రక్తం ముందుజాగ్రత్తకి తెప్పించాం, సంచీ విప్పనే లేదు. లేచినప్పట్నుంచీ ఒకటే అడుగుతున్నారు, బయట ఆయన కథ ఎక్కడిదాకా వచ్చిందని."

తాతయ్య లేచాడు. స్ట్రెచరు దగ్గరికి వెళ్ళాడు. పొద్దుట్నుంచీ గాల్లో ఉన్న ఆ రెండు చేతులూ మెల్లగా కిందికి దిగాయి. దిగి, దుప్పటి అంచు కింద అమ్మమ్మ కుడిపాదం పట్టుకున్నాయి. ముల్లు ఏ కాల్లో గుచ్చుకుందో ఆయనకి బాగా గుర్తుంది.

"సుమారుగా అలాంటిదే జరిగింది" అన్నాడు. కళ్ళజోడు తుడుచుకోవాలంటే పాదం వదలాలి. వదల్లేదు.

"చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి" అంది అమ్మమ్మ. "వెళ్ళి టీ తాగండి."

ఆ మాట కోసమే ఆగినట్టున్నాడు. స్ట్రెచరు వార్డు వైపు కదలగానే బెంచీ దగ్గరికొచ్చి, మీగడ కట్టి చల్లారిపోయిన ఆ టీని రెండు చేతులతో ఎత్తి గటగటా తాగేసి, ఇంత మంచి టీ జీవితంలో తాగలేదన్నాడు. అది తాతయ్య ఆ రోజు చెప్పిన ఒకే ఒక్క నిజం అనుకుంటాను. అందరికీ వేడి టీలు చెప్పాడు. నాకైతే టీ అక్కర్లేకపోయింది. ఒళ్ళంతా తేలికై, వరదలో లేచిన బల్లలా తేలిపోతున్నాను.

రెండో గ్లాసు చేతికొచ్చాక డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు తాతయ్య. నిన్నటిదాకా ఉన్న గొంతు మళ్ళీ వచ్చేసింది.

"అదేం పెద్ద విషయం కాదనుకో నాయనా, కానీ నువ్వు ఆ ముల్లుని చూడలేదు కాబట్టి నవ్వుతున్నావు. అది మామూలు ముల్లనుకున్నావా? నా చెయ్యంత పొడవు..."

"వినపడుతోంది!" అంది అమ్మమ్మ, వరండా ఆ చివర్నుంచి.